కుదురు లేదనిపించుకొన్న బిడ్డలు

(నర్సీపట్నమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



చిరకాలము బడిలో సుద్దముక్క పట్టి, నేడు విశ్రాంతి గొనుచున్న ఒక వృద్ధోపాధ్యాయుని ఈ వేదికపైకి పిలిచి, విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు కోరిరి. వారి యాదరమునకు కృతజ్ఞుడను. మన మహాసభలలో ఏటేట ఒక మంగళకార్యము జరుగుచున్నది. పరీక్షలలో ప్రథమశ్రేణిని గడించిన బిడ్డల పేరులు చదివి, వారికి పతకములును విద్యార్థివేతనములును ఇచ్చుచున్నాము. అది చూచి తల్లిదండ్రుల కన్నులు చెమర్చుచున్నవి. అది జరుగవలసినదే. కాని నేను నేడు మాటాడబోవునది ఈ వేదికపై పేరు ఎన్నడును చదువబడని బిడ్డలను గుఱించి. వారిలో కొందఱు ఇప్పుడు నలువదియు ఏబదియు నిండిన గృహస్థులై ఈ సభలోనే కూర్చుండి యుందురు.

ఎట్టి బిడ్డలు వారు? తరగతిలో ఒకచోట కూర్చుండలేనివాడు. మొదట పెన్సిలు, పిదప పుస్తకము, తుదకు సంచియే పోగొట్టుకొని ఇంటికి పోవువాడు. ప్రశ్న పూర్తి కాకమునుపే జవాబు చెప్పి, ఆ జవాబు ముగియకమునుపే కిటికీలోనుండి చింతపల్లి బస్సును చూచువాడు. లెక్క చేయు పద్ధతి తెలిసియు నడుమ ఒక అంకె వదలివేయువాడు. వీరిని లోకము కుదురులేనివాడనియు, కాలుకాలిన పిల్లి యనియు, పరధ్యానపు పిల్ల యనియు, ఆరంభశూరుడనియు పిలిచినది.

అల్లరి చేయు ప్రతి బిడ్డయు రోగి కాడు. బాల్యమునకు అల్లరి సహజము. కాని కొందఱి చాంచల్యము వయస్సునకు మించినదై, ఇంటను బడిలోను ఎడతెగక నిలిచి, చదువును స్నేహములను చెఱచుచుండును. దానికి వైద్యశాస్త్రమున ఒక పేరు గలదు. ఆంగ్లాక్షరములలో ఏ.డి.హెచ్.డి. యందురు. తెనుగున అవధానలోప–అతిచాంచల్యరుగ్మత యనవచ్చును. నూఱుగురు బిడ్డలలో సుమారు ఐదుగురికిని, నూఱుగురు పెద్దలలో సుమారు ఇద్దఱు ముగ్గురికిని ఇది యుండునని లోకమున అంగీకృతమైన లెక్క. అనగా ఏబదిమంది గల తరగతిలో ఇద్దఱు ముగ్గురు ఉందురు. ఏ యుపాధ్యాయుడును వీరిని చూడకుండ ఉద్యోగవిరమణ చేయలేడు.

ఈ విషయమై నేను కొందఱు పెద్దలతో మాటాడితిని. వారి మాటలను ఇచట చెప్పుటకు వారు అనుమతించిరి. పేరులు చెప్పను.

ఒకాయన ఏజెన్సీ సరకులు కొని అమ్ము వర్తకుడు. ఏబది దాటినవాడు. సంత సందడిలో నలుగురితో ఒక్కమాఱు బేరమాడగల చతురుడు. కాని ఇంటికి వచ్చి లెక్కల పుస్తకము ముందు కూర్చున్నచో పావుగంట నిలువలేడు. పన్ను కట్టు గడువు దాటిపోవును, జరిమానా పడును. పైకము లేక కాదు, కాగితము ఎచట పెట్టెనో తెలియక. ఆయన నాతో ఇట్లనెను: “మాస్టారూ, పదవ తరగతి మూడుమాఱులు తప్పితిని. తిన్న దెబ్బలు మఱచిపోయితిని. కాని మా నాయనగారు అరుగుమీద కూర్చుండి, వచ్చినవారందఱితో, వీడు దేనికిని పనికిరాడండీ అని చెప్పెడివారు. నేడు లక్షల బేరము ముగించి ఇంటికి వచ్చినను, గుమ్మమున చెప్పులు విడుచునపుడు ఆ మాటయే వినబడుచున్నది.”

మఱొక సోదరి. ఈమె బడిలో అల్లరి చేయలేదు. వెనుక వరుసలో నోరు మెదపక కూర్చుండి, మనస్సుతో మాత్రము ఎచటనో తిరుగుచుండెడిది. అల్లరి లేదు గనుక ఎవరికిని అనుమానము కలుగలేదు. ఆడపిల్లలలో ఈ రుగ్మత పెక్కుమాఱులు ఇట్లే మఱుగుపడిపోవునని వైద్యులు చెప్పుచున్నారు. పెండ్లియైన పిదప, పొయ్యిమీది పాలు మఱచినందుకును, వ్రతమునకు పిలువవలసిన వారిని పిలువ మఱచినందుకును ఆమెకు అజాగ్రత్త కోడలని పేరు వచ్చెను. కుమారుని విశాఖపట్నమున వైద్యునికి చూపినపుడు, ఆ వైద్యుడు బాలుని గుఱించి ఒక్కొక్క ప్రశ్నయే అడుగుచుండ, ఆమెకు తన బాల్యమే కన్నులయెదుట నిలిచెనట. కొన్ని నెలలకు ఆమెకును రోగనిర్ణయమైనది. “నేను సోమరిని కానని నలువదిమూడవ యేట తెలిసినదండీ. ఆ రాత్రి ఏడ్చితిని, సంతోషమో దుఃఖమో నాకే తెలియలేదు” అని చెప్పినది.

మూడవవాడు మేధావి. ఇంటరు వఱకు మంచి మార్కులే. తల్లి వేళకు లేపి, వేళకు కూర్చుండబెట్టి, హాలుటిక్కెట్టు తానే సంచిలో పెట్టి పంపెడిది. ఇంజనీరింగు చదువునకు దూరదేశపు వసతిగృహమున చేరగానే ఆ కట్టు తెగినది. రెండు పరీక్షలు తప్పెను. నియమమును బట్టి విద్యార్థివేతనము నిలిచిపోయెను. మూడవ యేట చదువు మానెను. ఇప్పటికి తొమ్మిది ఉద్యోగములు మాఱెను. ఏ ఉద్యోగమునను అతని తెలివిని ఎవరును తప్పుపట్టలేదు. అన్నింటను ఒక్కటే ఆక్షేపణ: మొదలుపెట్టును, ముగింపడు.

ఈ మువ్వురి మాటలలో ఒక సామాన్యధర్మము గలదు. వారిని నేటికిని బాధించునది చాంచల్యముకంటె, ఆ చాంచల్యమునకు బాల్యమున పెద్దలు పెట్టిన పేరు. పనికిమాలినవాడని పదిమాఱులు విన్న బిడ్డ పదునొకండవమాఱు తానే ఆ మాట తనతో చెప్పుకొనును. రోగమునకు పేరు తెలియనిచోట దోషము బిడ్డకు అంటుకొనును. నేను నేడు చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే.

ఇంతకును దోషమెవరిది? తల్లిదండ్రులదా? ఈ రుగ్మత చరిత్రము తెలిసినచో ఎవరిని నిందింపరాదో స్పష్టమగును. 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు మనస్సు ఒక వస్తువుపై నిలువజాలని స్థితిని వర్ణించెను. 1902లో జార్జి స్టిల్ అను బాలవైద్యుడు, బుద్ధికి లోటు లేకయు తమ్ము తాము నిగ్రహించుకొనలేని బిడ్డలను గుఱించి లండనులో ఉపన్యసించెను. 1937లో అమెరికాయందు చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు, ఒక ఉత్తేజకౌషధమును ఇచ్చినపుడు అట్టి బిడ్డలలో పలువురు శాంతించి చదువుకొనుట చూచి ఆశ్చర్యపడెను. ఆ దేశపు మనోవైద్యుల నిర్ణయగ్రంథమున 1968లో ఇది బాల్యపు అతిచంచలతగా చోటు చేసికొనెను. అవధానలోపమను పేరు 1980లో వచ్చెను. నేటి పేరు 1987లో స్థిరపడెను. ఇది బాల్యముతో పోవు స్థితియని చాలకాలము తలచిరి. పెద్దలను పరీక్షించుటకు తగినట్లు లక్షణముల లెక్కను సవరించినది 2013నాటి కూర్పు. మఱి 1975లో మన ప్రాంతపు పల్లెబడిలో రెండవ తరగతి చదువు బిడ్డని తండ్రికి ఇది యెట్లు తెలియును? ఆయనకు తెలిసిన మందు బెత్తమొక్కటే. దండము దశగుణముల నిచ్చునని ఆయనకు పెద్దలు చెప్పిరి. కావున నేటి పెద్దలు తమ తల్లిదండ్రులపై కోపమును విడువవలెను. కాని నేటి తల్లిదండ్రులకు ఆ యజ్ఞానము సాకు కాజాలదు.

ఈ రుగ్మత స్వభావమును తెనుగువారికి చెప్పుటకు అష్టావధానముకంటె తగిన దృష్టాంతము లేదు. అవధానమనగా మనస్సును నిలుపుటయే గదా. ఒక పృచ్ఛకుడు సమస్య నిచ్చును, ఒకడు దత్తపది నిచ్చును, ఒకడు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టును. ఒకచోట గంట మ్రోగుచుండును. అప్రస్తుతప్రసంగి నడుమనడుమ అడ్డుమాటలు వేయుచుండును. ఏ మాటను లోనికి రానీయవలెనో, దేనిని గుమ్మముకడ నిలుపవలెనో అవధానికి తెలియును. అతని మనస్సునకు మెలకువగల ద్వారపాలకు డొకడు ఉన్నాడు. ఈ బిడ్డకు ఆ ద్వారపాలకుడు కునుకుచుండును. వానికి లోకమంతయు అప్రస్తుతప్రసంగియే. గోడమీది కాకి, తలపై ఫ్యాను చప్పుడు, ప్రక్కవాని చొక్కా బొత్తాము, గురువుగారి పాఠము, అన్నియు ఒక్కటే గొంతుతో పిలుచుచుండును.

“గాలిపటము చేయుటకు మూడు గంటలు కూర్చుండువాడు పాఠమునకు పది నిమిషములు కూర్చుండలేడా? ఇది సోమరితనమే” యని పలువురు ఆక్షేపింతురు. వీరికి అవధానము బొత్తిగా లేకపోలేదు. దానిని తమ యిచ్ఛానుసారము ఒకచోటికి త్రిప్పి నిలుపు శక్తి కొఱవడినది. ఇష్టమైనది దానంతట అదియే లాగుకొనును. ఇష్టము లేని యవసరకార్యమునకు మనస్సును త్రోయవలసినపుడు ఆ త్రోపు చాలదు. నుదుటి వెనుకనున్న మెదడు భాగము ఈ పని చేయుచుండును. డోపమిన్ మొదలగు ద్రవ్యములు దానికి తోడ్పడును. 2007లో అమెరికా జాతీయ మానసికారోగ్యసంస్థవారు బిడ్డల మెదడుల చిత్రములు తీసి చూచిరి. మెదడు పైపొర మందము సామాన్యబాలురలో సుమారు ఏడున్నర యేండ్లకు చేరు దశకు, ఈ బిడ్డలలో సుమారు పదిన్నర యేండ్లకు చేరినది. పదేండ్ల బిడ్డను ఏడేండ్ల బిడ్డయని తలచి నడపిన ఎంత మేలు జరిగియుండునో తల్లులు ఊహింపవచ్చును. ఇది వంశములలో దిగివచ్చు స్వభావమనియు, పెంపకపు దోషము దీనికి మూలము కాదనియు కవలలపై జరిగిన పరిశోధనలు తేల్చినవి. కుమారుని వైద్యమునకు పోయిన తల్లి తన్ను తాను గుర్తించుట వింత కాదు.

నేను సంస్కృతము చదివినవాడను గనుక మన శాస్త్రములను గుఱించి ఒక మాట. మనస్సు అణుపరిమాణమనియు, ఒక క్షణమున ఒక్క యింద్రియముతోనే కూడుననియు నైయాయికులు చెప్పిరి. మనస్సు వేఱొకచోట నున్నచో ఎదుటి వస్తువును చూచియు చూడలేమని బృహదారణ్యకము. యోగభాష్యమున వ్యాసుడు చిత్తమునకు క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము అను ఐదు భూములను చెప్పెను. ఈ రుగ్మత మన పూర్వులకు తెలుసునని నేననను. అట్లనుట శాస్త్రమునకు మర్యాద కాదు. కాని వారు చంచలమైన మనస్సును పాపముగా ఎంచలేదు. మనస్సును పట్టుట గాలిని పట్టుటవంటిదని అర్జునుడంతటివాడు మొఱపెట్టినపుడు, శ్రీకృష్ణుడు అతనిని సోమరి యనలేదు. అది కష్టమేయని యొప్పుకొని, పిదప ఉపాయము చెప్పెను. మొదట ఒప్పుకొనుట, పిదప ఉపాయము. ఈ క్రమమును మనము తలక్రిందులు చేసితిమి.

పంచతంత్రమున అమరశక్తి పుత్రులు మువ్వురు చదువునకు విముఖులు. విష్ణుశర్మ వారిని బెత్తముతో దారికి తేలేదు. కాకిని, ఎలుకను, తాబేలును, లేడిని పిలిచి, నీతిశాస్త్రమును వాని నోట పలికించి, ఆఱు మాసములలో వారిని ప్రయోజకులను చేసెను. ఆ రాజపుత్రులకు ఏ రుగ్మత యుండెనో మనకు పని లేదు. శిష్యుడు పద్ధతికి లొంగనపుడు పద్ధతిని మార్చుట గురుధర్మమని ఆ కథ చెప్పుచున్నది.

చికిత్స లేనిచో నష్టమేమి, వయస్సు వచ్చినపుడు అదే సర్దుకొనునని కొందఱందురు. పైకి కనబడు పరుగులు తగ్గుట నిజము. కాని మఱపు, వాయిదా, తొందరపాటు, తనపై తనకు విశ్వాసము లేమి పెక్కుమందిలో నిలిచిపోవును. వానివెంట ఋణములు, మద్యము, విషాదరోగము, వాహనప్రమాదములు రాగలవు. డెన్మార్కు దేశమున పందొమ్మిది లక్షలకు పైబడిన జనుల వివరములను పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధనలో, ఈ రుగ్మతగల వారిలో అకాలమరణములు ఇతరులకంటె హెచ్చని తేలినది. అందు ముఖ్యకారణము ప్రమాదములు. పెద్దయైన పిదప రోగనిర్ణయమైన వారిలో ఆ హెచ్చు ఇంకను ఎక్కువ. ఘాటురోడ్డుపై వాహనములు నడపు యువకులు గల మన ప్రాంతమునకు ఈ మాట మఱింత అవసరము.

ఇక మన యిండ్ల సంగతి. మన సంఘము సంబంధములు కలుపు సంఘము. ఒక యింటి బిడ్డను మనోవైద్యునికి చూపిరన్నచో, ఆ మాట పెండ్లిపందిళ్ళలో చెవినుండి చెవికి పాకును. ఆ భయముతో తల్లిదండ్రులు తాయెత్తు కట్టింతురు, మ్రొక్కులు మ్రొక్కుదురు, ట్యూషను మాస్టరును మార్చుదురు. వైద్యుని కడకు మాత్రము పోరు. దాచినందువలన రుగ్మత పోలేదు, చికిత్స పోయినది. కంటి అద్దములు పెట్టుకొన్న వధువును మన తాతలు వలదనిరి. మనము అద్దములను గమనింపనైన గమనింపము. దీని విషయమునను అంతటి వివేకము మనకు రావలెను.

ఏబదవ యేట తెలిసిన ప్రయోజనమేమి? మొక్కై వంగనిది మానై వంగునా యని మన సామెత. ఆ సామెత ఇచట చెల్లదు. మ్రానును వంచుమని వైద్యుడు అడుగుట లేదు. మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్‌ను పుష్ప చిత్రమున చూచియుందురు. తనకు నలువదియొక్క యేండ్ల వయస్సున ఈ రుగ్మత నిర్ణయమైనదని ఆయన 2024లో కేరళమున ఒక సభయందు బహిరంగముగా చెప్పెను. అంతటివాడు దాచుకొననిది మనము దాచుకొననేల?

పెద్దలకును చికిత్స గలదు. మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ మొదలగు మందులు మన దేశమునను దొరకును. మనోవైద్యుని చీటి లేక వానిని వాడరాదు. ముందుగా వైద్యుడు చూపు, వినికిడి, నిద్ర, థైరాయిడ్, దిగులు మొదలగువానిని పరిశీలించును. చాంచల్యమునకు అవియు కారణములు కావచ్చును. మందుతోపాటు నడవడి కట్టుబాట్లును నేర్పుదురు.

కుదురను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. నిలకడ యొకటి; కుండ దొర్లకుండ క్రింద పెట్టు గడ్డిచుట్ట మఱొకటి. గుండ్రని అడుగుగల కుండ నేలపై నిలువకున్న ఏ యిల్లాలును కుండను తిట్టదు. కుదురు తెచ్చి వేయును. నేను చెప్పిన వర్తకుడు ఇప్పుడు లెక్కలకు ఒక గుమాస్తాను పెట్టుకొని, గడువు తేదీలను దుకాణపు గోడపై పెద్దయక్షరములతో వ్రాయించెను. ఆ సోదరి పొయ్యికడ గంట పెట్టుకొనెను, చేతిఫోనులో ప్రతి పనికిని వేళ గుర్తించుకొనెను, మందును వాడుచున్నది. ఇవియే కుదురులు. కుండ మాఱలేదు, నీరు నిలిచినది.

కావున ఈ మహాసభ యెదుట నాలుగు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది విద్యానిధిని గుఱించి. ఒకమాఱు పరీక్ష తప్పినంతనే వేతనము నిలుపు నియమమును సవరింపుడు. నిలుపుటకు ముందు ఆ విద్యార్థిని పిలిచి కారణ మడుగుడు. వైద్యసలహా యవసరమైన ఇప్పింపుడు. ఒక యేడు గడువీయుడు. ప్రథమశ్రేణి బిడ్డకు మన ధనము అలంకారము. ఈ బిడ్డకు అది ప్రాణవాయువు.

రెండవది వసతిగృహమును గుఱించి. ఇంటినుండి క్రొత్తగా వచ్చిన బిడ్డలకు ఒక పెద్ద విద్యార్థిని తోడుగా నియమింపుడు. పాఠమును చిన్నముక్కలుగా చేసి, నడుమ లేచి తిరుగనిచ్చి, మరల కూర్చుండబెట్టు ఏర్పాటు చేయుడు. దీనికి కాసు వ్యయము లేదు. బెత్తము మాట తలపెట్టకుడు. విద్యాహక్కు చట్టము, 2009, పదునేడవ విభాగమున బడిలో శరీరదండనమును మానసికహింసను నిషేధించినది. మన వసతిగృహమునకును అదే ధర్మము.

మూడవది వైద్యమును గుఱించి. ఏటికొకదినము విశాఖపట్నమునుండి మనోవైద్యుని రప్పించి, బిడ్డలను పెద్దలను చూపింపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ప్రభుత్వ పాఠశాలలకు వచ్చు వైద్యబృందములు పరిశీలింపవలసిన ముప్పది స్థితులలో ఇదియు నొకటి. బృందము వచ్చినపుడు తల్లిదండ్రులు నోరు తెఱచి చెప్పవలెను. విశాఖపట్నమున ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. అంతదూరము పోలేనివారు, ఎవరికిని తెలియకుండ మాటాడగోరువారు, 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సంస్థకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. తెనుగున మాటాడుదురు, రుసుము లేదు.

నాలుగవ విన్నపము సంఘమునకు కాదు, మీలో ఒక్కొక్కరికి. నేడు ఇంటికి పోయి, మీ యింటి బిడ్డకు మీరు పెట్టిన పేరేదో జ్ఞాపకము చేసికొనుడు. నామకరణమునాడు బియ్యములో వ్రాసిన పేరుతోనే వానిని పిలువుడు. మీకే ఎవరైన అట్టి పేరు పెట్టియున్నచో, ఒకమాఱు వైద్యుని కలసి అది నిజమో కాదో తేల్చుకొనుడు. నిజము కానిచో ఆ బరువును దింపివేయుడు. ఇన్నియేండ్లు మోసినది చాలును.

వచ్చే మహాసభలో ప్రథమశ్రేణివారి పేరుల పిదప, తప్పి, లేచి, మరల చదివి నెగ్గిన బిడ్డల పేరులుకూడ ఈ వేదికపై చదువబడవలెనని నా కోరిక.  విద్యానిధి పోషకులకు ఆయురారోగ్యైశ్వర్యములు కలుగుగాక. మన బిడ్డలందఱకును శుభమగుగాక.